గుంయ్ మనే టీవీ గేముకు ఇంకో బోర్డు మందు కాదు

సంపాదకుల వారికి,

పాత టీవీ గేములకు కొత్త ఆంప్లిఫయర్ (సౌండు పెంచే) బోర్డు వేసుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. బోర్డును ఎక్కడ అతకాలో బాగానే చెప్పారు. రెండు మాటల దగ్గరే మాకు పేచీ. ఒకటి, ‘గుంయ్ మని మోత వస్తే అది నాసిరకం బోర్డు, ఇంకాస్త ఖరీదైనది వేయండి’ అనడం. రెండోది అంతకన్నా ప్రమాదకరమైనది, దాని సంగతి చివర చెబుతాం. మొదటి మాట నమ్మి ఇక్కడ పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో కుర్రాళ్లు పార్సిల్లో రెండో బోర్డు తెప్పిస్తున్నారు. అదీ అదే గుంయ్. మోత పుట్టేది బోర్డులో కాదు కాబట్టి ఎన్ని మార్చినా అంతే.

బోర్డు మంచిదో కాదో తేల్చడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. గేము ఆన్ చేసి, మోత వస్తుండగా, బోర్డు మీద సౌండు లోపలికి వెళ్లే పాయింటును పక్కనే ఉన్న గ్రౌండు (అన్నిటికీ ఉమ్మడి మైనస్) పాయింటుకు అంగుళం తీగముక్కతో కలపండి. సరిగ్గా బోర్డు మీదే కలపాలి, వైరుకు అవతలి చివర కాదు. మోత అలాగే ఉంటే అది కరెంటు దారిలో వస్తోంది. ఆగిపోతే బోర్డుకు ఏ పాపమూ తెలియదు, మోత సౌండు వైరు వెంట వస్తోంది. రెండో సందర్భంలో ఇంకో మెట్టు ఉంది. సౌండు వైరును గేము బోర్డు దగ్గర విప్పండి, తీగముక్కను ఆ చివరకు మార్చి వైరు లోపలి తీగను దాని జల్లెడకే (చుట్టూ ఉండే లోహపు అల్లికకే, అదే షీల్డు) కలపండి. ఇప్పుడు మళ్లీ గుంయ్ మంటే తప్పు ఆ ఆరంగుళాల వైరుది, దాని గ్రౌండుది. అప్పుడు కూడా నిశ్శబ్దంగా ఉంటే మోత గేము లోపలే పుడుతోంది. ఇంత తెలిసేదాకా కొత్తగా ఏదీ అతకనక్కర్లేదు.

చెవి కూడా సగం పని చేస్తుంది. ఎప్పుడూ ఒకేలా ఉండే లోతైన ‘గుంయ్’ వేరు, దానికంటే ఒక స్థాయి పైన, కాస్త గరుకుగా ఉండే ‘జుర్ర్’ వేరు. మన కరెంటు 50 హెర్ట్జ్. గ్రౌండు తెగినా, షీల్డు లేని వైరు గాలిలోంచి లాక్కున్నా ఆ 50 వినిపిస్తుంది. ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్ల మీదుగా వచ్చిన కరెంటు సరిగా వడకట్టకపోతే మోత 100 హెర్ట్జ్ అవుతుంది. మూడో రకం తెర మీద బొమ్మను బట్టి మారుతుంది. తెర నల్లగా ఉన్నప్పుడు నిశ్శబ్దం, తెల్లటి మెనూ రాగానే ‘బర్ర్’. అంటే బొమ్మ తాలూకు కరెంటు, సౌండు తాలూకు కరెంటు ఒకే గ్రౌండు దారిలో నడుస్తున్నాయన్నమాట. ఈ మూడింటికీ మందులు వేరు.

గుంయ్ అయితే ముందు ఇంటి వైరింగును అనుమానించండి. మన వైపు పాత ఇళ్లలో ఇంకా రెండు పిన్నుల సాకెట్లే ఎక్కువ, ఎర్త్ ఉండదు. కొత్త రకం తేలికపాటి అడాప్టర్లలో 230 వోల్టుల వైపు నుంచి ఇవతలికి ఒక చిన్న కండెన్సర్ ఉంటుంది. ఎర్త్ లేని ఇంట్లో దాని గుండా కొద్ది కరెంటు గేము గ్రౌండులోకి కారుతుంది. జాక్ లోహాన్ని వేలితో తాకితే మోత మారడం, సన్నగా జివ్వుమనడం దాని గుర్తులు. ఇది తేల్చడానికి ఆరు పెన్సిల్ సెల్లు చాలు. ఆరు ఒకటిన్నరలు తొమ్మిది. అడాప్టర్ తీసి, ప్లస్ మైనస్ సరిచూసుకుని ఆ తొమ్మిది వోల్టులు ఇవ్వండి. సెల్లు ఎక్కువసేపు రావు, మనకు కావలసింది రెండు నిమిషాలే. మోత పోతే దోషం అడాప్టర్‌ది. పోకపోతే టీవీ వెనక కేబుల్ వైరు పీకి చూడండి. వీధి స్తంభం నుంచి వచ్చే ఆ వైరు తనతో ఇంకో గ్రౌండు తెస్తుంది. రెండు గ్రౌండ్ల మధ్య చుట్టు తిరిగే కరెంటే చాలా ఇళ్లలో అసలు దొంగ. ఆ వైరు తీయగానే నిశ్శబ్దమైతే, గేముకూ టీవీకీ మధ్య సౌండు వైరులో 600 ఓమ్‌ల ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టండి. స్టీరియో అయితే రెండు.

జుర్ర్ మనే 100 హెర్ట్జ్ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే కొత్త బోర్డు వేశాక వచ్చే ఫిర్యాదుల్లో దీనిదే పెద్ద వాటా. 60 పిన్నుల క్యాసెట్ పెట్టే క్లోన్ (నకలు) గేముల్లో సాధారణంగా 9 వోల్టుల ఎలిమినేటర్, లోపల 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ ఉంటాయి. ఆ 7805 ఐదు వోల్టులు నిలకడగా ఇవ్వాలంటే దానికి కనీసం ఏడు అందాలి. గేము ఒక్కటే 0.3 ఆంపియర్ లాగుతుందనుకోండి. కరెంటును 0.01 సెకనుతో గుణించి కండెన్సర్ విలువతో భాగిస్తే వోల్టేజీ ఎంత ఊగుతుందో సుమారుగా తెలుస్తుంది. 1000 మైక్రోఫారడ్ కండెన్సర్ మీద 0.3 ఆంపియర్‌కు అది 3 వోల్టులు. శిఖరం 12 అనుకుంటే, అక్కడి నుంచి 9 దాకా ఊగినా 7805 ఓర్చుకుంటుంది. అదే చోటు నుంచి కొత్త ఆంప్లిఫయర్‌కు కూడా కరెంటు లాగి, పెద్ద సౌండులో అది ఇంకో 0.5 తీసుకుంటే మొత్తం 0.8. ఊగుడు 8 వోల్టుల దాకా పోతుంది. లోయ ఏడుకు దిగువకు జారిన ప్రతిసారీ, అంటే సెకనుకు నూరుసార్లు, ఆ ఐదు వోల్టులకు సొట్ట పడుతుంది. మీరు వింటున్నది ఆ సొట్టనే. వాల్యూం తగ్గిస్తే జుర్ర్ మాయమై, పెంచితే పాటతోపాటు లేచిందంటే ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. గేము మధ్యలో తెర వణికి మొదటికి వచ్చేయడం కూడా ఈ జబ్బు ముదిరిన రూపమే.

వేడి సంగతి కూడా చూడాలి. 7805కు సగటున 8 వోల్టులు అంది, ఐదు బయటికి వస్తే, మిగిలిన మూడు వోల్టులు 0.8 ఆంపియర్‌తో కలిసి 2.4 వాట్ల వేడి అవుతాయి. హీట్‌సింక్ (వేడిని లాగే రేకు) లేని 7805 ఒకటి, ఒకటిన్నర వాట్లకు మించి తట్టుకోదు. కాసేపు ఆడి ఆగిపోవడం, చల్లారాక మళ్లీ పాడడం అందుకే. మందు ఇది. ఆంప్లిఫయర్‌కు విడిగా ఇంకో 7805 పెట్టి, దానికి కరెంటు అడాప్టర్ సాకెట్ దగ్గరి నుంచే తీసుకోండి, అల్యూమినియం రేకు బిగించండి. సాకెట్ దగ్గర 2200 మైక్రోఫారడ్, 25 వోల్టుల కండెన్సర్ వేయండి, రెండు 7805ల కాళ్ల పక్కన తలా ఒక 104 (0.1 మైక్రోఫారడ్) కండెన్సర్. 500 మిల్లీ ఆంపియర్ ఎలిమినేటర్‌ను పక్కన పెట్టి 9 వోల్టులు, ఒక ఆంపియర్‌ది వాడండి. అడాప్టర్ మార్చేటప్పుడు పిన్నులో మధ్యది ప్లస్సో మైనస్సో మీటరుతో చూడకుండా గుచ్చొద్దు. ఈ క్లోన్లకు మూలమైన నింటెండో వారి అసలు ఫామికామ్‌కు మధ్యది మైనస్, క్లోన్లలో ఒక్కోదానిది ఒక్కో తీరు.

తెర తెల్లబడితే బర్ర్ మనేదానికి మందు గ్రౌండు తీగ మార్చడమే. చాలామంది ఆంప్లిఫయర్ గ్రౌండును దగ్గర్లో కనిపించిన రేకు డబ్బాకు, అంటే యాంటెన్నా సిగ్నల్ తయారుచేసే డబ్బాకు, అతికేస్తారు. సోల్డర్ బాగా పట్టే చోటు అదే మరి. కానీ బొమ్మ తాలూకు కరెంటంతా తిరిగి వచ్చే రేవు కూడా అదే. ఆంప్లిఫయర్ కరెంటు గ్రౌండును పెద్ద కండెన్సర్ మైనస్ కాలికి విడి తీగతో తీసుకెళ్లండి. సౌండు వైరు ఒంటి తీగ షీల్డు రకం కావాలి, జల్లెడను గేము వైపు మాత్రమే అతకండి, అటు చివర కత్తిరించి టేపు వేయండి. రెండు వైపులా అతికితే జల్లెడే కరెంటు దారి అయిపోతుంది. బోర్డుకు కరెంటు గ్రౌండు ఎలాగూ విడిగా వచ్చింది కదా.

ఇక మార్కెట్లో ఎక్కడ చూసినా దొరికే చిన్న పామ్ 8403 ఆంప్లిఫయర్ బోర్డు. రెండు వైపులా మూడేసి వాట్లు, 5 వోల్టులు. చవకే గానీ మంచి బోర్డే, దాన్ని చంపేది మనమే. మొదటి తప్పు 9 వోల్టులు ఇవ్వడం. దాని హద్దు 5.5, ఆపైన పొగే. రెండో తప్పు స్పీకర్ మైనస్ తీగలు రెండిటినీ కలిపేసి గ్రౌండు చేయడం, లేదా స్పీకర్ పాయింట్ల నుంచి టీవీ ఆడియో ఇన్‌పుట్‌కు వైరు లాగడం. ఈ బోర్డులో స్పీకర్ మైనస్ గ్రౌండు కాదు, అటూ ఇటూ రెండు తీగలూ ఆంప్లిఫయర్లే తోస్తుంటాయి. ఒకదాన్ని గ్రౌండుకు తాకిస్తే ఐసీ వేడెక్కి ఆగుతుంది, లేదా శాశ్వతంగా ఆగుతుంది. టీవీకి వెళ్లే వైరును బోర్డుకు ముందే, వాల్యూం కంట్రోల్ పైనుంచి తీయాలి. ఇంకో మాట, ఇది లక్షల హెర్ట్జ్ వేగంతో ఆన్ ఆఫ్ అవుతూ పనిచేసే రకం. స్పీకర్ వైరు మూర పొడవు వదిలేస్తే అది యాంటెన్నా అవుతుంది. యాంటెన్నా దారిలో (గేమును టీవీ యాంటెన్నా సాకెట్‌కు కలిపి) ఆడేవాళ్లకు బొమ్మ మీద వాలు గీతలు పడతాయి. వైర్లు పేని పొట్టిగా ఉంచితే గీతలు పోతాయి.

రేడియో షాపుల్లో ఇంకా దొరికే 4558 ప్రీఆంప్లిఫయర్ కిట్టును ఐదు వోల్టుల మీద పెట్టి, పాట బొంగురుపోయిందని బాధపడేవాళ్లూ ఉన్నారు. ఆ ఐసీకి ఎనిమిది వోల్టులైనా కావాలి. 9 వోల్టుల వైపు నుంచి ఇవ్వండి, మధ్యలో 10 ఓమ్‌ల రెసిస్టర్, దాని వెనక 220 మైక్రోఫారడ్ వేసి వడకట్టండి. ఐదారు మిల్లీ ఆంపియర్లు తాగే ఐసీ కాబట్టి 10 ఓమ్‌ల మీద పోయేది 0.06 వోల్టే. ఈ చిట్కాను చూసి పామ్ 8403కు కూడా 10 ఓమ్‌లు పెట్టకండి. అక్కడ అర ఆంపియర్‌కు ఐదు వోల్టులూ ఆ రెసిస్టరే మింగేస్తుంది. ఎల్ఎం 386 అనే ఆంప్లిఫయర్ ఐసీ అయితే 1, 8 కాళ్ల మధ్య ఉన్న 10 మైక్రోఫారడ్ తీసేయండి. అది ఉంటే 200 రెట్లు, లేకపోతే 20 రెట్లు. గేముకు 20 ధారాళం.

సౌండు అసలే రాకపోతే, సగమే వస్తే వెతుకులాట మారుతుంది. ఫామికామ్ ప్రాసెసర్ సౌండును రెండు కాళ్ల మీద విడగొట్టి ఇస్తుంది. ఒకటో కాలు మీద రెండు చదరపు తరంగాలు, అంటే పాట ప్రధాన వరస. రెండో కాలు మీద లోతు స్వరం, డప్పు చప్పుళ్లు, రికార్డు చేసిన శబ్దాలు. కాబట్టి డప్పులు వినిపించి పాట లేకపోతే ఒకటో కాలి దారి తెగింది, పాట ఉండి కింద బరువు లేకపోతే రెండోది. నల్లటి తారు బొట్టులాంటి ముద్ద కింద చిప్పులన్నీ దాచేసిన చవక క్లోన్లలో ఈ రెండు కాళ్లు విడిగా బయటికి రావు, వాటిలో స్టీరియో ఆశ పెట్టుకోవద్దు. విడిగా ఉన్నవాటిలో కూడా పాట మొత్తం ఎడమ చెవికి, డప్పు మొత్తం కుడి చెవికి పంపితే పావుగంటలో తలనొప్పి. ఒక్కో దారిలో 10 కిలో ఓమ్‌లు పెట్టి, వాటి అవతలి చివరల మధ్య 22 కిలో ఓమ్‌లు అడ్డంగా వేయండి. ఒక్కో పక్క సౌండులో మూడో వంతు దాకా రెండో పక్కకు చేరుతుంది. తర్వాతి ఆంప్లిఫయర్ ఇన్‌పుట్ 47 కిలో ఓమ్‌లకు తగ్గకుండా చూసుకోండి. సౌండు చిన్నదిగా ఉందని ఆ ప్రాసెసర్ కాళ్ల నుంచి గ్రౌండుకు ఉండే 100 ఓమ్‌ల రెసిస్టర్లు పీకేసే అలవాటు ఒకటుంది. సౌండు పెరుగుతుంది నిజమే, దానితోపాటు గొంతూ పగులుతుంది.

బొమ్మ చక్కగా ఉండి సౌండు మాత్రం రాని గేముల్లో బోర్డు ముట్టకముందే క్యాసెట్ చూడండి. అసలు ఫామికామ్ డిజైనులో సౌండు 45వ పిన్ను గుండా క్యాసెట్లోకి వెళ్లి 46వ పిన్ను గుండా వెనక్కి వస్తుంది. మామూలు క్యాసెట్లో ఆ రెండూ లోపల కలిపి ఉంటాయి. క్యాసెట్ వెనక వరసలో ముప్పై పిన్నులుంటే, సరిగ్గా మధ్యలో పక్కపక్కన ఉండే 15, 16 స్థానాలవి. వాటి మీద చిలుము పడితే మిగతా గేమంతా నడుస్తుంది, సౌండు ఒక్కటే తెగుతుంది. బరంపురం, గోపాలపూర్ వైపు ఉప్పుగాలికి ఇది మామూలే. మీటరును బీప్ మోడ్‌లో పెట్టి ఆ రెండు పిన్నులూ తాకితే మోగాలి. పెన్సిల్ రబ్బరుతో మెత్తగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డతో తుడవండి. ఉప్పు కాగితం (గరుకు కాగితం) వద్దు, పైపూత లేచిపోయాక చిలుము ఇంకా తొందరగా వస్తుంది. నేరుగా ప్రాసెసర్ కాళ్ల నుంచే సౌండు తీసుకున్నవాళ్లకు ఈ పిన్నుల బెడద ఉండదు, కానీ క్యాసెట్లో అదనపు సౌండు చిప్పు ఉన్న జపాన్ గేముల్లో ఆ చిప్పు పాడే భాగం వాళ్లకు వినిపించదు. అది రిపేరు కాదు, ఎంచుకున్న దారి ఫలితం.

పాట పలచబడి రేకు డబ్బా మోతలా ఉంటే మధ్యలో వేసిన కండెన్సర్ చిన్నది. 10 కిలో ఓమ్‌ల వాల్యూం కంట్రోల్‌కు ముందు 104 వేస్తే 159 హెర్ట్జ్ కిందివన్నీ తరిగిపోతాయి. ఒక మైక్రోఫారడ్ వేస్తే ఆ గీత 16కు దిగుతుంది. ప్లస్ కాలు ప్రాసెసర్ వైపు ఉండాలి. ఆన్ చేయగానే ‘టప్’ మంటుంటే కండెన్సర్ అవతలి కాలి నుంచి గ్రౌండుకు 100 కిలో ఓమ్‌లు వేయండి.

దారి మధ్యలో ఎక్కడ తెగిందో దొరకకపోతే పాత కంప్యూటర్ స్పీకర్లే పరికరం. వాటి వైరు గ్రౌండును గేము గ్రౌండుకు కట్టి, లోపలి తీగ కొనకు ఒక 104 అతికి, దాని రెండో కాలితో ప్రాసెసర్ నుంచి మొదలుపెట్టి ఒక్కో పాయింటూ తాకుతూ రండి. సౌండు ఏ పాయింటు దాకా వినిపించి తర్వాత ఆగిందో ఆ రెండిటి మధ్యే తెగింది.

కొన్ని జబ్బులు కావు. చాలా క్లోన్ చిప్పుల్లో చదరపు తరంగాల రెండు వెడల్పులు తారుమారై ఉంటాయి. అందుకే పాట వరస అదే అయినా గొంతు వేరుగా ఉంటుంది, శుభ్రమైన ఆంప్లిఫయర్ వేశాక ఆ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఏ బోర్డూ దాన్ని మార్చలేదు. అలాగే చైనా, హాంకాంగ్ మార్కెట్ల కోసం చేసిన గేముల్ని యాంటెన్నా దారిలో పెడితే బొమ్మ వచ్చి సౌండు బదులు ‘స్స్’ మంటుంది. మన టీవీలు సౌండును బొమ్మకు 5.5 మెగాహెర్ట్జ్ దూరంలో వెతుకుతాయి, అవి 6 లేదా 6.5 దగ్గర పంపుతాయి. టీవీ మెనూలో సౌండ్ సిస్టమ్ అనే చోట బీజీ (BG) తీసి ఐ (I), డీకే (DK) పెట్టి చూడండి.

సెగా మెగా డ్రైవ్ అనే ఇంకో టీవీ గేము గురించి వ్యాసంలో ఒక్క ముక్కే ఉంది కాబట్టి మేమూ క్లుప్తంగానే. మొదటి మోడల్లో వెనక గుండ్రటి సాకెట్ మోనో, స్టీరియో వచ్చేది ముందున్న హెడ్‌ఫోన్ రంధ్రం నుంచే. ఒక పక్క పోయిందంటే ముందు ఆ జారుడు వాల్యూంలో కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. సౌండును చిప్పుల నుంచే నేరుగా తీసే బోర్డు వేశాక గంట శబ్దాలు మరీ పైకి లేచి పాట వెనక్కి పోతే, సౌండు చిప్పుకూ, బొమ్మ చిప్పులోంచి వచ్చే పీప్ శబ్దాలకూ మధ్య పాళ్లు తప్పాయి. పీప్ దారిలోని రెసిస్టర్ విలువ పెంచాలి. దాని వైఎం 2612 అనే సౌండు చిప్పులో చిన్న సౌండ్ల దగ్గర వినిపించే గరగర దాని పుట్టు గుణం. దాని బదులు వైఎం 3438 వేస్తే ఆ గరగర చాలావరకు తగ్గుతుంది, దానితోపాటు కొన్ని పాటల తోకలు కూడా సన్నబడతాయి. మాకైతే పాత గరగరే ఇష్టం. ఇది వాదించే విషయం కాదులెండి.

ఇక చివరికి దాచిన మాట. ఏవీ (ఆడియో, వీడియో) సాకెట్లు లేని పాత టీవీ అయితే మూత తీసి వాల్యూం కంట్రోల్ దగ్గరికే గేము వైరు లాగొచ్చని మీ వ్యాసంలో ఉంది. దయచేసి దాన్ని వెనక్కి తీసుకోండి. యాంటెన్నా సాకెట్ ఒక్కటే ఉన్న పాత టీవీల్లో చాలావాటి చాసిస్ (లోపలి లోహపు చట్రం) 230 వోల్టుల లైనుతో నేరుగా కలిసి ఉంటుంది. ప్లగ్గు ఒక వైపు గుచ్చితే న్యూట్రల్, తిప్పి గుచ్చితే ఫేజు. యాంటెన్నా సాకెట్‌ను మాత్రం కంపెనీవాళ్లు కండెన్సర్లతో విడగొట్టి ఉంచుతారు. వాల్యూం కంట్రోల్ నుంచి తీగ లాగితే ఆ కాపలా దాటిపోయినట్టే. ఆ ఫేజు గేము గ్రౌండులోకి, జాయ్‌స్టిక్ వైర్లలోకి, హెడ్‌ఫోన్ జాక్‌లోకి, పిల్లవాడి చేతిలోకి వస్తుంది. అలాంటి టీవీకి యాంటెన్నా దారే దారి, లేదా సౌండుకు విడిగా స్పీకర్ పెట్టుకోవాలి. ఇంత ఉత్తరానికి చోటు లేదంటే మిగతాదంతా కత్తిరించండి, ఈ పేరా ఒక్కటి మాత్రం వ్యాసం వచ్చిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
పాత టీవీ గేములు బాగుచేసేవాళ్లం,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా